డబ్బు కట్టి చదివిన జిల్లా న్యూస్ యాప్, అయిదుకి రెండు స్టార్లు

ముందే చెప్తున్నాను, యాప్ పేరు రాయను. రాస్తే "అది ఫలానా పార్టీ పేపరే కదా" అని ఒకళ్లు, "మరి అవతలి పేపరు సంగతేంటి" అని ఇంకొకళ్లు మొదలెడతారు, నేను చెప్పాలనుకున్నది గాలికి పోతుంది. పొద్దున్నే గుమ్మం ముందు పడే తెలుగు పేపర్లలో ఒకదానికి ఉన్న యాప్ అనుకోండి, చాలు. ఏడాదికి 499 రూపాయలు కడితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లా పేజీలు, పాత సంచికలు, మార్కెట్ ధరలు, వాళ్లు "డేటా కథనాలు" అని పిలిచే గ్రాఫుల వార్తలు అన్నీ తెరుచుకుంటాయి. మాది కాశీబుగ్గ, పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను, మా షావుకారు "ధరలు రోజూ చూసి చెప్పరా" అంటే ఆయన డబ్బుతోనే కట్టాను కాబట్టి నా జేబుకి చిల్లేమీ పడలేదు. అయినా రెండు స్టార్లే. ఇందులో పచ్చి అబద్ధపు అంకెలు దాదాపు ఉండవు. నిజం అంకెలే ఉంటాయి, కానీ ఎంతమందిలో, ఎప్పటితో పోలిస్తే, ఎవరు లెక్కపెట్టారు అన్న మూడూ కోసేసి మిగిలిన ముక్కని హెడ్డింగులో పెడతారు. తూకం చెప్పకుండా ధర ఒక్కటే అరిచే బేరం ఇది, మా బజార్లో అలా అరిస్తే ఒక్క బస్తా కదలదు.

స్టోర్‌లో 4.6 రేటింగ్ ఉంది కదా అంటారేమో. ఆ 4.6 ఎలా వస్తోందో యాప్ వాడితే తెలిసిపోతుంది. పదకేళి పూర్తి చేసి కాస్త హుషారుగా ఉన్నప్పుడు "మా యాప్ మీకు నచ్చిందా?" అని ఒక చిన్న డబ్బా వస్తుంది. అవును అని నొక్కితే తిన్నగా స్టోర్‌లో స్టార్లు ఇచ్చే చోటికి తీసుకెళ్తుంది. లేదు అని నొక్కితే "మీ సూచనలు రాయండి" అని వాళ్ల సొంత ఫారం తెరుచుకుంటుంది, అది స్టోర్ మొహం కూడా చూడదు. నచ్చినవాళ్లని ఒక గుమ్మంలోంచి, నచ్చనివాళ్లని ఇంకో గుమ్మంలోంచి పంపి ఒక గుమ్మం దగ్గరే లెక్కపెడితే 4.6 రాక ఏమొస్తుంది.

బాగున్నవి కూడా చెప్పాలి. జిల్లా పేజీలు తెల్లవారకముందే వచ్చేస్తాయి. కరెంటు కోతల వేళలు, రైళ్ల ఆలస్యాలు, ఫలితాల తేదీలు, సంతాప ప్రకటనలు అన్నీ సరిగ్గా ఉంటాయి. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, మా నాన్న అందుకే వదలడం లేదు. వీటి వరకూ నాలుగు స్టార్లు ఇవ్వచ్చు.

ఇక నేను కట్టించింది దేనికోసమో ఆ మార్కెట్ పేజీ. "పలాస జీడిపప్పు, కిలో" అని రాసి పక్కన ఒక అంకె ఉంటుంది. ఏ పప్పు? గుండు పప్పా, బద్దా, ముక్కా? గుండులో 180 రకమా, 240 రకమా, 320 రకమా? వీటి మధ్య తేడా కిలోకి వందల్లో ఉంటుంది. రకం చెప్పని ధర మాకే కాదు, బంధువులకి పెట్టడానికి పావుకిలో కొనుక్కునేవాళ్లకి కూడా పనికిరాదు. ఒకసారి అయితే ఏదో రకం పేర్లు కూడా వేశారు, వేసి "అన్నిటికంటే పెద్ద సైజు 320 రకం" అని రాశారు. ఆ నంబరు ఒక పౌను బరువుకి సుమారు ఎన్ని గుండు పప్పులు తూగుతాయో చెప్పేది, అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది, 180 రకమే పెద్దది, ఖరీదైనది. గ్రేడింగ్ దగ్గర కూర్చునే ఆడవాళ్లకి చదివి వినిపిస్తే ఒక అప్ప "ఈ బాబు ఎప్పుడైనా పప్పు చేత్తో పట్టుకున్నాడా" అంది. అక్కడితో ఆ పేజీ సంగతి అందరికీ అర్థమైపోయింది.

ఆ పేజీలోనే ఒక రోజు "కుప్పకూలిన జీడి ధర" అని పెద్ద గ్రాఫు వచ్చింది. రెండు పట్టీలు. పోయిన వారం పట్టీ నా బొటనవేలంత ఎత్తు, ఈ వారం పట్టీ దాని గోరంత. చూస్తే ధర నాలుగో వంతుకి పడిపోయినట్టే. వేళ్లతో లాగి పెద్దది చేసి ఎడమ పక్కన ఉన్న బూడిద రంగు చిన్న అంకెలు చూశాను. కింద గీత సున్నా దగ్గర మొదలవలేదు, ఏడొందల దగ్గర మొదలైంది. అసలు తేడా కిలోకి పది రూపాయలు. సున్నా నుంచి గీసి ఉంటే రెండు పట్టీలూ పక్కపక్కన కవల పిల్లల్లా నిలబడేవి, వార్తే ఉండేది కాదు. ఆ సాయంత్రం మా చుట్టుపక్కల ఉద్దానం ఊళ్ల నుంచి ఇద్దరు రైతులు అదే బొమ్మ ఫోన్లో పట్టుకుని వచ్చి 80 కిలోల పిక్కల బస్తా ఇవాళే ఎంతకి తీసుకుంటావని మా షావుకారుని అడిగారు, రేపటికి ఇంకా పడిపోతుందేమోనని వాళ్ల భయం. గ్రాఫులు చూసి కంగారుపడి సరుకు దింపుకునే రైతు వల్ల లాభపడేది ఎవరో నేను చెప్పక్కర్లేదు, నేను పనిచేసేది ఆ వైపే.

ఇది మన దగ్గర పుట్టిన విద్య కాదు. 2012లో అమెరికాలో ఫాక్స్ న్యూస్ చానల్ పన్నుల మీద ఇలాంటిదే చూపించింది. పై స్థాయి పన్ను 35 శాతం నుంచి 39.6 శాతానికి పెరుగుతుందన్నది వార్త. కింద గీత 34 దగ్గర పెట్టారు. దాంతో రెండో పట్టీ మొదటిదానికి అయిదు రెట్లకి పైగా ఎత్తు కనిపించింది. ఒక్క అంకె కూడా తప్పు వేయలేదు, పట్టీల మీద 35, 39.6 అని రాసే ఉంది. కళ్లు మాత్రం అంకెలని కాదు, ఎత్తుని చదువుతాయి.

ఇంకొకటి "రెట్టింపు" పిచ్చి. ఈ యాప్ డెస్కులో ఎవరికో ఈ మాటంటే ప్రాణం. ఒక కూడలిలో ప్రమాదాలు రెట్టింపు, ఫలానా కేసులు రెట్టింపు, పాముకాట్లు రెట్టింపు. నొక్కి లోపలికెళ్తే పోయిన నెల రెండు, ఈ నెల నాలుగు. నాలుగు ప్రమాదాలు చిన్న విషయమని అనడం లేదు, కానీ రెండు నాలుగవడానికి ఒక వాన రోజు చాలు. ఈ మాట ఎంత పని చేస్తుందో బ్రిటన్‌లో 1995లో తేలింది. ఆ అక్టోబర్‌లో అక్కడి మందుల భద్రత కమిటీ కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెండింతలవుతుందని హెచ్చరించింది, పేపర్లూ టీవీలూ "రెండింతలు" అన్న మాటే పట్టుకుని ఊదరగొట్టాయి. అసలు లెక్కలో పాత రకం వాడిన ప్రతి 7,000 మందిలో ఒకరికి వస్తుంటే, కొత్త రకంలో ఇద్దరికి. 7,000 మందికి ఒక్కరు అదనం. ఆ సంగతి చెప్పి ఉంటే ఆడవాళ్లు డాక్టర్ని అడిగి నిదానంగా నిర్ణయించుకునేవారు. చాలామంది భయపడి మాత్రలే మానేశారు, తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అబార్షన్లు దాదాపు 13 వేలు అదనంగా జరిగాయని అంచనా. అసలు గర్భం, కాన్పు వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల కంటే ఎక్కువ.

ఇప్పుడు నాకు ఒళ్లు మండేది చెప్తాను. ఉద్దానం కిడ్నీ జబ్బు.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఇది ఎంత ఘోరమో మాకు ఏ యాప్ చెప్పక్కర్లేదు. ఇక్కడ ఇద్దరు పెద్దవాళ్లు కలిస్తే "బాగున్నావా" తర్వాత వచ్చే ప్రశ్న "క్రియాటిన్ ఎంతుంది". కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె అది, డాక్టర్లు క్రియాటినిన్ అంటారు. దశాబ్దాలుగా ఎవరెవరో వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పట్టుకెళ్లారు, ఫలానాదే కారణమని ఇప్పటికీ తేల్చలేదు. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఇంత ముఖ్యమైన విషయంలో అంకె రాసేటప్పుడు చెయ్యి వణకాలి కదా. వీళ్లకి వణకదు.

అధ్యయనాలు ఏం చెప్పాయో చూడండి. ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి చేసి ప్రచురించిన సర్వేల్లో ఒకటి పెద్దవాళ్లలో 18 శాతం చుట్టూ, ఇంకొకటి 21 శాతం చుట్టూ ఈ జబ్బు ఉందని తేల్చాయి. పెద్దవాళ్లలో, ఉద్దానం ఊళ్లలో. యాప్‌లో ఇది మొదట "ఉద్దానం జనాభాలో ప్రతి అయిదుగురిలో ఒకరు" అయింది, అంటే పిల్లలు కూడా కలిసిపోయారు. కొన్నాళ్లకి ఇంకో కథనంలో "శ్రీకాకుళం జిల్లాలో ప్రతి అయిదుగురిలో ఒకరు" అయింది. ఆమదాలవలస, నరసన్నపేట, రణస్థలం వాళ్లంతా ఒక్క వాక్యంతో రోగులైపోయారు. పైగా 'రోగి' అన్న ఒకే మాటలో మొన్ననే పరీక్షలో తేడా బయటపడి మందులతో పొలం పని చేసుకుంటున్నవాడూ ఉంటాడు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లేవాడూ ఉంటాడు.

ఇంకో మెలిక ఉంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని చెప్పాలంటే ఆ తేడా మూడు నెలలకి పైగా ఉండాలన్నది డాక్టర్ల నియమం. ఒక్కసారి రక్తం తీసి క్రియాటినిన్ ఎక్కువ వచ్చినంత మాత్రాన సరిపోదు, ఎండలో పనిచేసి నీళ్లు తాగకుండా శిబిరానికి వచ్చినా అంకె పెరగొచ్చు. ఒకే పరీక్షతో లెక్కపెట్టిన శిబిరం అంకెని, రెండుసార్లు పరీక్షించి లెక్కపెట్టిన అధ్యయనం అంకెని ఒకే గ్రాఫులో పక్కపక్కన పెట్టి, వాటి మధ్య ఎర్ర గీత గీసి, "పెరుగుతున్న మృత్యుఛాయ" అని రాస్తే ఎలా?

పరీక్షల సంఖ్య కూడా అంతే. వెయ్యి మందికి పరీక్ష చేస్తే 150 మంది దొరికారనుకోండి, మరుసటి ఏడాది రెండు వేల మందికి చేస్తే 300 మంది దొరికారనుకోండి. జబ్బు పెరగలేదు, శిబిరాలు పెరిగాయి. యాప్‌లో "రెట్టింపు". ఆ పై ఏడాది శిబిరాలు పెట్టకపోతే కేసులు పడిపోతాయి, అప్పుడు "ఉద్దానానికి ఊరట". ఏ ప్రభుత్వం ఉన్నప్పుడు ఏ హెడ్డింగు వస్తుందో పాత సంచికలు తిరగేస్తే చాలు, అన్నిటికీ తేదీలున్నాయి. పాత సంచికలు చదవనివ్వడం ఈ యాప్‌లో నిజంగా మెచ్చుకోవాల్సిన సదుపాయం అని ఇక్కడ ఒప్పుకుంటున్నాను, అది లేకపోతే ఈ రివ్యూ రాయగలిగేవాణ్ని కాదు.

ఇది ఎవరికి తగులుతుందంటే, మా పిన్ని వాళ్లది కవిటి దగ్గర. వాళ్ల అమ్మాయిని చూసుకోవడానికి విజయనగరం వైపు నుంచి వచ్చారు. టిఫిన్లయ్యాయి, మాటలయ్యాయి, పెళ్లికొడుకు మేనత్త ఫోన్ తీసి "ఏమనుకోకండి వదినా, మీ ప్రాంతంలో అయిదుగురిలో ఒకరికి ఉందంట కదా, అమ్మాయిది క్రియాటిన్ రిపోర్టు ఏదైనా ఉందా" అని అడిగింది. పిన్నికి నోట మాట రాలేదు. బాబాయి "ఇరవై మూడేళ్ల పిల్లకి కూడానా అమ్మా" అన్నాడు. ఆమె తప్పేమీ లేదు, ఆమె చదివినదాంట్లో వయసు ప్రస్తావనే లేదు.

జిల్లాల విభజన దెబ్బ ఇంకో తమాషా. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మా జిల్లాలోంచి పాలకొండ వైపు పార్వతీపురం మన్యానికి పోయింది, రాజాం వైపు విజయనగరానికి పోయింది. 2011 లెక్కల్లో శ్రీకాకుళం జనాభా 27 లక్షలు, పాత లెక్కనే కొత్త హద్దులకి సర్దితే దాదాపు 22 లక్షలు. అయిదు లక్షల మంది ఒక్క రోజులో పక్క జిల్లాలవాళ్లయ్యారు. మరి ఆ ఏడాది చివర్లో ఈ యాప్ వేసిన వార్షిక సమీక్ష ఏంటంటే, "జిల్లాలో గణనీయంగా తగ్గిన నేరాలు", 2021 అంకె ఇటు, 2022 అంకె అటు. హద్దులు మారాయన్న ముక్క ఎక్కడా లేదు. పోలీసులు తగ్గించారో, రాజాం స్టేషను పక్క జిల్లాలోకి వెళ్లిపోవడంతో తగ్గిందో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

నేరాల లెక్కల దగ్గర ఇంకోటి కూడా చెప్పాలి. దేశం మొత్తం నేరాల లెక్కలు వేసే ఎన్‌సీఆర్‌బీ తన నివేదికల్లోనే రాస్తుంది, నేరాలు పెరగడం వేరు, నేరాల నమోదు పెరగడం వేరు, రెండూ కలపకండి అని. స్టేషన్‌కి వెళ్తే కేసు రాసుకునే చోట అంకె పెద్దదిగా ఉంటుంది, "పోనీలే అమ్మా, సర్దుకుపోండి" అని పంపేసే చోట చిన్నదిగా ఉంటుంది. యాప్‌లో రాష్ట్రాల ర్యాంకులు, రంగురంగుల మ్యాపులు వేస్తారు, ఆ ముక్క మాత్రం వేయరు.

మహిళా దినోత్సవానికి ఏటా వచ్చే గ్రాఫు గురించి రెండు ముక్కలు. వెయ్యి మంది మగవాళ్లకి శ్రీకాకుళంలో 1015 మంది, విజయనగరంలో 1019 మంది ఆడవాళ్లు, 2011 లెక్క. "ఆడపిల్లని గౌరవించే ఉత్తరాంధ్ర" అని హెడ్డింగు. వినడానికి బాగుంటుంది, నేనూ ఇక్కడివాణ్నే. కానీ మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల పడవల మీదా, హైదరాబాద్, చెన్నై బిల్డింగు పనుల్లోనూ ఉంటే ఊళ్లో లెక్కపెట్టేటప్పుడు ఆడవాళ్లే ఎక్కువ కనిపిస్తారు, ఆ 1015 వెనక వలస ఒక పెద్ద కారణం. ఆరేళ్లలోపు పిల్లల్లో చూస్తే రెండు జిల్లాల్లోనూ వెయ్యికి లోపే. ఆ రెండో అంకె కూడా అదే జనాభా లెక్కల పుస్తకంలో ఉంది. పైగా ఇవన్నీ 2011 నాటివి, 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడి 2027కి వెళ్లాయి, అప్పటిదాకా "తలకి ఇంత" అని ఎవరు ఏది రాసినా కింద ఉన్న తలల సంఖ్య అంచనానే.

ఇంట్లో ఎక్కువ గొడవ తెచ్చింది "దిగొచ్చిన ధరలు" అన్న నోటిఫికేషన్. 2024 ఆగస్టులో వచ్చింది, జులై నెల ద్రవ్యోల్బణం 3.54 శాతమే, అయిదేళ్లలో ఇంత తక్కువ లేదు అని. మా ఆవిడ కూరల సంచి కింద పెట్టి "ఏటి దిగొచ్చాయి, ఎక్కడ దిగొచ్చాయి, ఆ షాపు చూపించు, రేపట్నుంచి అక్కడికే వెళ్తాను" అంది. ఆవిడ రైటు. ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు పెరిగే వేగం తగ్గింది అని, ధరలు తగ్గాయని కాదు. అసలు పితలాటకం ఎక్కడుందంటే, పోలిక అంతకు ముందు ఏడాది జులైతో. 2023 జులై గుర్తుందా, టమాటా కొనడానికి అప్పు చేయాలేమో అన్నట్టుండేది, ఆ నెల 7.44 శాతం. అప్పటికే చుక్కల్లో ఉన్న ధర మీద ఇంకో 3.54 శాతం పెరిగింది. 2022 జులైలో వంద రూపాయలకి వచ్చిన సరుకు రెండేళ్లకి 111 రూపాయలైంది. రెండు అంకెలూ సరైనవే, ప్రభుత్వం ప్రకటించినవే. "దిగొచ్చిన" అన్న ఒక్క మాటే డెస్కులో పుట్టింది.

పోల్స్ గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. యాప్‌లో రోజుకో ప్రశ్న, నొక్కితే ఓటు, మర్నాడు "ఉత్తరాంధ్ర ప్రజల తీర్పు" అని శాతాలు. ఆ యాప్ కొన్నవాళ్లలో, ఆ రోజు తెరిచినవాళ్లలో, ఆ ప్రశ్న చూసి చిర్రెత్తినవాళ్లు నొక్కింది ప్రజల తీర్పు ఎలా అవుతుంది? ఎంతమంది నొక్కారో కూడా చెప్పరు. చెప్పినా లాభం లేదులెండి. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకి పైగా జవాబులు లెక్కపెట్టి, అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని చెప్పింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. వాళ్లు కార్డులు పంపింది ఎక్కువగా ఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ల చిరునామాలకి, జవాబు రాసింది ప్రభుత్వం మీద కోపంగా ఉన్నవాళ్లు. మన 2024లో ఎగ్జిట్ పోల్స్ చాలావరకు ఎన్డీయేకి 350 దాటించేశాయి, వచ్చింది 293. మరుసటి రోజు ఏ చానల్లోనూ ఎవరూ ముఖం దాచుకోలేదు.

గెలుపోటముల తర్వాత చేసే విశ్లేషణ ఇంకా సరదా. 2019లో తెలుగుదేశానికి 39 శాతం పైన ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో వైసీపీకీ 39 శాతం పైనే ఓట్లు, 11 సీట్లు. ఓట్లు చూపిస్తే "చెక్కుచెదరని బలం", సీట్లు చూపిస్తే "తుడిచిపెట్టుకుపోయింది". నేను పాత సంచికల్లో రెండు ఎన్నికల మర్నాటి పేజీలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక ఏడాది ఓట్ల శాతం మొదటి పేజీలో, సీట్ల పట్టిక లోపల. ఇంకో ఏడాది సరిగ్గా తలకిందులు. ఏది ఏ ఏడాదో చెప్పను, చెబితే యాప్ పేరు చెప్పినట్టే.

వాళ్ల గొప్పలు వాళ్లు చెప్పుకునేటప్పుడు కూడా ఇదే ధోరణి. ఈ యాప్ తెరవగానే వాళ్ల చానల్ "నంబర్ వన్" అని బంగారు అక్షరాలు వస్తాయి. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏ వయసు మగవాళ్లు, ఏ ఆదాయం, ఏ పట్టణాలు, ఏ గంట, ఏ వారం అని ఉంటుంది. అంత సన్నగా తరిగితే ఎవరైనా ఏదో ఒక ముక్కలో నంబర్ వన్ అవుతారు, అందుకే తెలుగులో ఒకేసారి నాలుగు నంబర్ వన్‌లు ఉంటాయి. ఆ టీవీ రేటింగులే కొన్ని వేల ఇళ్లల్లో పెట్టిన మీటర్ల మీద నడుస్తాయి. ముంబై పోలీసులు రేటింగుల మోసం కేసు పెట్టాక 2020 అక్టోబర్‌లో ఆ రేటింగులు లెక్కగట్టే బార్క్ సంస్థ న్యూస్ చానళ్ల రేటింగులే ఆపేసింది, మళ్లీ ఇవ్వడం 2022 మార్చిలో. ఆ మధ్య కాలంలో కూడా నంబర్ వన్ బోర్డులు దిగలేదు.

కస్టమర్ కేర్ ఎలా ఉందంటే, మర్యాదగా ఉంది. జీడి గ్రాఫు గురించి, ఉద్దానం వార్త గురించి రాశాను, తర్వాత ఫోన్ కూడా చేశాను. అమ్మాయి ఓపిగ్గా విని "సర్, మా డేటా అంతా అధికారిక వర్గాల నుంచే తీసుకుంటామండి" అంది. అవునమ్మా, అంకె వాళ్లదే, గీత ఎక్కడ మొదలుపెట్టాలో అధికారులు చెప్పారా అని అడిగాను. "మీ ఫీడ్‌బ్యాక్ ఎడిటోరియల్ టీమ్‌కి పంపిస్తానండి" అంది. పంపించే ఉంటుంది. ఆ తర్వాత జీడి గ్రాఫు మాయమైంది, సవరణ అని ఎక్కడా వేయలేదు. ఉద్దానం వార్త అలాగే ఉంది.

మండలాల్లో తిరిగే విలేకర్లని నేను అనను. మా దగ్గరికి వచ్చే కుర్రాడు మంచివాడు, ఊరూరూ తిరిగి పేర్లూ వివరాలూ సరిగ్గా రాసుకుంటాడు, కిడ్నీ శిబిరం గురించి అతను పంపిన కాపీ నాకు చూపించాడు కూడా. అందులో "శిబిరానికి వచ్చినవారిలో" అని స్పష్టంగా ఉంది. అచ్చయ్యేసరికి ఆ రెండు మాటలూ లేవు, హెడ్డింగులో పట్టలేదట. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా మీద పడ్డప్పుడు కూడా చూశాను. వాతావరణ శాఖ గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, ఉండుండి 165 దాకా విసురు అని చెప్పింది. పేపర్లలో 165 ఒక్కటే మిగిలింది. 140 కిలోమీటర్ల గాలికే మా కొబ్బరి చెట్లూ జీడి తోటలూ నేలమట్టమయ్యాయి. పెంచి చెప్పాల్సిన అవసరం ఏ కోశానా లేదు.

కొనాలా వద్దా? జిల్లా పేజీలు, కరెంటు కోతలు, పాత సంచికల కోసం అయితే కొనండి, ఊరికి దూరంగా హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్లకి మరీ పనికొస్తుంది. ధరల కోసం అయితే వద్దు, పలాసలో ఏ కొట్టుకి ఫోన్ చేసినా రకం ప్రకారం చెప్తారు. "డేటా కథనాలు" అన్న విభాగం నోటిఫికేషన్లు సెట్టింగ్స్‌లో విడిగా ఆపుకోవచ్చు, ఆపుకోండి. ఆరోగ్యం వార్త వస్తే ఇంట్లో గ్రూపులో పడేసే ముందు లోపల ఎంతమందికి పరీక్ష చేశారో వెతకండి, లేకపోతే పంపకండి, ముఖ్యంగా సంబంధాలు చూస్తున్న ఇళ్లకి.

కొన్నవాళ్లకి ఒక జాగ్రత్త. ఏడాది అయిపోగానే అదే డబ్బు దానంతటదే కట్ అవుతుంది, యాప్‌లో ఆపే బటన్ ఎంత వెతికినా దొరకదు. మీరు డబ్బు కట్టిన యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆటో పే అన్నచోట చూస్తే వీళ్ల పేరు ఉంటుంది, అక్కడ రద్దు చేయాలి. మా షావుకారుది నిన్ననే రద్దు చేశాను. మా నాన్నది అలాగే ఉంచాను, ఆయనకి పదకేళి కావాలట.